తిప్పకూడని గుడ్లు

పొద్దున్నే నమాజు అయ్యాక మా ఆయన చేసే మొదటి పని గుడ్లు తిప్పడం. వసారాలో ఒక చెక్కపెట్టె ఉండేది. లోపల రెండు బల్బులు, ఓ గిన్నెలో నీళ్ళు, పాత దుప్పటి ముక్క మీద వరసగా నాటుకోడి గుడ్లూ బాతుగుడ్లూ. ప్రతి గుడ్డుకీ ఒక పక్క పెన్సిలుతో అడ్డగీత, రెండో పక్క సున్నా. పొద్దున గీత పైకి ఉంటే సాయంత్రం సున్నా పైకి రావాలి. ఆయన తిప్పుతూ ఉంటే నేను గిన్నెలో నీళ్ళు నింపేదాన్ని. ఆ తర్వాతే టీ. ఇప్పుడు పెట్టె ఖాళీగా ఉంది. బల్బులు తీసి దాచాను. టీ మాత్రం ఆ వేళకే పెడుతున్నాను. ఆయన గ్లాసు లెక్క తీసేసి పాలు పొయ్యడం నా చేతికి ఇంకా అలవాటు కాలేదు.

ఆయన పేరు నన్నే సాహెబ్. పుట్టింది అత్తిలిలో. చిన్నప్పుడు సైకిలు వెనక గంపలో వరిగడ్డి వేసి, గుడ్లు పేర్చి ఊళ్ళమ్మట అమ్మేవారట. పెళ్ళయ్యేనాటికి తాడేపల్లిగూడెంలో గుడ్ల హోల్‌సేలు కొట్లో కుదిరారు. చివరిదాకా అదే కొట్టు. ఫారాల నుంచి లారీలో వచ్చిన గుడ్లని దింపించడం, చీకటి మూలలో బల్బుకి అడ్డం పట్టి చూడటం, చిట్లినవి ఏరెయ్యడం ఆయన పని. రెండు గుడ్లు ఒక చేత్తో పట్టుకుని మెల్లగా ఒకదానికొకటి తాకించేవారు. చప్పుడు బోలుగా వస్తే చిట్లినట్టు. ఇంట్లో గాజుగ్లాసులు కొన్నా అలాగే తాకించి చూసేవారు. మనిషి మెత్తన. కోపం వస్తే ఇంకా నెమ్మదిగా మాట్లాడేవారు. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళిళ్ళు చేశారు. ఆయన గురించి గొప్పగా చెప్పుకోవలసిన సంగతులు అంతకు మించి లేవు.

చెక్కపెట్టె మాత్రం ఆయన సరదా. చుట్టుపక్కల ఎవరి కోడయినా గుడ్ల మీంచి లేచిపోయినా, కుక్క పట్టుకుపోయినా, ఆ గుడ్లు గంపలో పెట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్ళు. ఆయన పొదిగించి పిల్లల్ని ఇచ్చేవారు. ఎవరి గుడ్డయినా పిల్ల కాకుండా పోతే ఆ రోజు అన్నం సరిగ్గా తినేవారు కాదు. "నమ్మి ఇచ్చారు కదా జులేఖా," అనేవారు. అంతే.

బాతుగుడ్లు తెచ్చే ఆయన బుల్లిరాజు గారు. గణపవరం దాటాక కొల్లేరు అంచున చేపల చెరువు ఒకటి చూసుకుంటూ, బాతుల మంద కూడా పెట్టుకున్నాడు. నోరు ఊరుకోదు. "సాయిబుగారు గుడ్డుని కూడా అండీ అనే పిలుస్తారండి, అందుకే అవి మాట వింటాయి," అని మా ఆయన ముందే నాతో అనేవాడు. మా ఆయన నవ్వి ఊరుకునేవారు.

ఉషశ్రీ గారు మాకు తెలిసింది ఆ కొట్లోనే. ఏలూరులో కాలేజీలో జువాలజీ చెబుతారు. పై చదువు కూడా చదువుతున్నారు. ఒక ఆదివారం కొట్టుకొచ్చి, గుడ్లు వద్దు, పగిలిన పెంకులు కావాలి అని అడిగారట. కుర్రాళ్ళు నవ్వారట. మా ఆయన నవ్వకుండా రంగు రంగుల పెంకులన్నీ ఏరి, కడిగి, ఆరబెట్టి ఇచ్చారు. తెల్లవి, గోధుమరంగువి, బాతువి లేత ఆకుపచ్చవి. ఆవిడ అప్పటినుంచి బస్సు దిగి నేరుగా మా ఇంటికే వచ్చేవారు.

మొదటిసారి వచ్చినప్పుడు మా వంటింట్లోనే కూర్చున్నారు. సంచిలోంచి చిన్న డబ్బా తీసి మూత తీస్తే లోపల ముడుచుకుపోయిన తోలుముక్కలాంటిది ఉంది.

"ఏంటండీ ఇది, గుజ్జు తీసిన చింతకాయ తొక్కలా ఉంది," అన్నాను.

"నీరుకట్టె పాము గుడ్డు పెంకండీ. పిల్ల వెళ్ళిపోయాక మిగిలింది."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. మా ఆయన మాత్రం అరచేతిలో పెట్టుకుని గోరుతో నొక్కి చూశారు. "పెంకు ఇంత మెత్తగా ఉంటే పిల్ల ఎలా నిలబడుతుందమ్మా?" అని అడిగారు.

ఆవిడ నిమ్మకాయ ఒకటి ఇమ్మన్నారు. నాటుకోడి గుడ్డు పెంకు మీద రసం పిండితే సన్నగా నురగ లేచింది. గుడ్డతో తుడిస్తే గోధుమరంగు గుడ్డకంటుకుని, కింద తెల్లగా బయటపడింది. పాము పెంకు మీద పిండితే ఏవో నాలుగు బుడగలు వచ్చి ఆగిపోయాయి.

"పెంకంటే ముందు ఒక నేత అండీ," అన్నారు ఉషశ్రీ గారు. "ప్రోటీను దారాల నేత. దాని మీద సున్నం పేరుతుంది. కోడికి సున్నం ఎక్కువ, నేత తక్కువ. గుడ్డు ఉడకబెట్టి వలిచినప్పుడు పూతరేకులా ఒక పొర వస్తుంది చూడండి, ఆ నేత అదే. పాముకి నేతే మందం, సున్నం పైపైన చల్లినట్టు ఉంటుంది. బల్లి గుడ్డు మళ్ళీ గట్టిది. మన కొల్లేరు తాబేలుదీ గట్టిదే. ఒక్కోదాంట్లో ఏ ప్రోటీను ఎంత ఉందో తేల్చాలి. గోరులో వెంట్రుకలో ఉండే రకమే అని కొందరంటారు."

"మరి రంగో?" అన్నారు మా ఆయన. ఆయనకి రంగు ముఖ్యం. గోధుమరంగు గుడ్డయితే కొట్లో గిరాకీ వేరు.

"రంగు చివర్లో పడుతుందండీ, ఇంటికి వెల్ల వేశాక అంచు దిద్దినట్టు. ఆ గోధుమరంగు మన రక్తంలో ఎర్రసరుకుకి దగ్గర చుట్టం. బాతు ఆకుపచ్చ, పైత్యరసం ఆకుపచ్చకి చుట్టం. పాములూ తాబేళ్ళూ మట్టిలో దాచుకుంటాయి కదా, వాటికి రంగెందుకు అంటారు అందరూ. కంటికి తెల్లగానే ఉంటాయి. పిసరంతయినా ఉందేమో వెతకాలి. నాకు ముందు తాబేలు పెంకులు కావాలి. గుడ్లు కాదు సుమండీ. పిల్లలు వెళ్ళిపోయాక పెంకులు."

ఆవిడ దగ్గర ఫారెస్టు వాళ్ళిచ్చిన అనుమతి కాయితం కూడా ఉంది. బుల్లిరాజు గారు తన చెరువు గట్టులో చలికాలంలో తాబేలు గుడ్లు పెట్టడం చూశానని చెబితే, ఆవిడ వెళ్ళి చూసి, చుట్టూ ముళ్ళకంప వేయించి వచ్చారు. వానల్లో పిల్లలు బయటికొస్తాయట. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదని చెప్పి వచ్చారు.

అది కొల్లేరులో చేపల చెరువుల గట్లు సర్కారు వాళ్ళు కొట్టేస్తున్న సంవత్సరం. బుల్లిరాజు గారి గట్టు వంతు ఇంకా చాలా దూరం ఉందనుకున్నారు. ఎండాకాలం మధ్యలో ఒక మధ్యాహ్నం పొక్లెయిన్ వచ్చేసింది. బుల్లిరాజు గారు గునపంతో తాబేలు గుడ్లున్న గట్టుముక్కని మట్టిగడ్డతో సహా కోసి, ఇత్తడి బేసిన్లో పెట్టి, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని మా ఇంటికి తెచ్చాడు. ఉషశ్రీ గారు పరీక్ష పేపర్లు దిద్దడానికి విశాఖపట్నం వెళ్ళి ఉన్నారు. ఫోను చేసినా ఆవిడ దొరకలేదు.

"ఆటోవాడు గోతుల్లో ఎగరేస్తుంటే వాణ్ణి తిట్టుకుంటూ వచ్చానండి," అన్నాడు. "పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. ఇంక మీ పూచీ."

"నా దగ్గరికి వచ్చేశాయి కదండీ, ఇంక భయం లేదు," అన్నారు మా ఆయన.

ఆ మాట నాకు బాగా గుర్తుంది. బుల్లిరాజు గారు వెళ్ళాక ఆయన మట్టిగడ్డ విప్పారు. చిన్న నిమ్మకాయలంత గుండ్రటి తెల్లటి గుడ్లు. ఒక్కోదాన్నీ తడిగుడ్డతో తుడిచారు. బల్బుకి అడ్డం పట్టి చూశారు. మట్టిలో పుట్టినవి కాబట్టి పెట్టెలో పెట్టకుండా, మొక్కల తొట్టి ఒకటి కడిగి, చెమ్మగా ఇసుకా మట్టీ కలిపి నింపి, అందులో సగం కనబడేలా పేర్చారు. చెవిమీది పెన్సిలు తీసి అన్నిటికీ ఒక పక్క గీత, రెండో పక్క సున్నా రాశారు. ఆ సాయంత్రం నుంచి కోడిగుడ్లతో పాటు అవి కూడా తిప్పడం మొదలుపెట్టారు. పొద్దున గీత, సాయంత్రం సున్నా. "బాతుగుడ్లయితే దొర్లిపోతాయి. ఇవి చూడు, ఎంత బుద్ధిగా ఉన్నాయో," అన్నారు నాతో.

వారం దాటాక ఉషశ్రీ గారు వచ్చారు. అప్పుడే పొద్దుటి పని అయింది. గీతలన్నీ పైకి ఉన్నాయి. ఆవిడ తొట్టి ముందు కూర్చుని ఒక్కో గుడ్డు మీదికీ వంగి చూశారు.

"సాహెబ్ గారూ, ఈ గీతలేంటండీ?"

"తిప్పడానికి గుర్తమ్మా. రెండు పూటలా నేనే తిప్పుతున్నాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు."

ఆవిడ మొహం చూసి నాకు అర్థమైంది. ఆయనకి ఇంకా కాలేదు.

"కోడిగుడ్డులో పచ్చసొనని పట్టుకుని రెండు పక్కలా తాళ్ళలాంటివి ఉంటాయండీ," అని నెమ్మదిగా చెప్పారు ఆవిడ. "గుడ్డు ఎటు తిరిగినా లోపల పిల్ల పైకే తేలుతుంది. తిప్పకపోతే పెంకుకి అంటుకుపోతుంది. తాబేలుకి ఆ తాళ్ళు లేవు. పిల్ల పైన పెంకుకి అంటుకునే పెరగాలి. అంటుకున్నాక తిప్పితే పిల్ల సొన కింద పడి..." ఆవిడ ఆగిపోయారు.

"మునిగిపోతుందా?" అన్నారు ఆయన.

"అవునండీ."

ఆయన చెవి మీంచి పెన్సిలు తీసి జేబులో పెట్టుకున్నారు. "అన్నీ పోయినట్టేనా అమ్మా?"

"చెప్పలేనండీ. ఒకటి పగలగొట్టి చూస్తే తెలుస్తుంది. పోయినవే అయితే ఆ పెంకులూ నాకు పనికొస్తాయి. పిల్ల ఎముకలకి కావలసిన సున్నం కొంత పెంకులోంచే తీసుకుంటుంది. పిల్ల వాడుకున్న పెంకూ, వాడుకోని పెంకూ పక్కపక్కన పెట్టి చూడాలి."

ఆవిడ చెప్పింది సబబే. ఆయన మాత్రం తొట్టికి అడ్డంగా చెయ్యి పెట్టారు. "వద్దండీ. వానలు పడనివ్వండి. మీకు పుణ్యం ఉంటుంది."

ఆవిడ ఒప్పుకున్నారు. ఎలా ఉన్నవి అలాగే, గీత పైకే ఉంచి, పైన మట్టి కప్పి, ఇక తొట్టిని కూడా కదపొద్దన్నారు. అప్పుడప్పుడు కాస్త నీళ్ళు చిలకరించడం తప్ప ఏమీ చెయ్యొద్దన్నారు.

సంగతి తెలిసి బుల్లిరాజు గారు వచ్చాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ, "తాబేలుకే తిప్పాలని ఉంటే గట్టుమీద కూర్చుని తిప్పుకునేది కదండీ సాయిబుగారూ. పెట్టి పోయిందంటే అర్థం ఏంటండీ?" అన్నాడు. మామూలుగా అయితే మా ఆయన నవ్వేవారు. ఆ రోజు నవ్వలేదు. బుల్లిరాజు గారు గ్లాసు కిందపెట్టి, "ఊరికే అన్నానండి. నేనయితే అట్టు వేసుకునేవాణ్ణి. మీరు కాబట్టి ఇంతవరకూ ఉంచారు," అన్నాడు.

ఆ తర్వాత పొద్దున కోడిగుడ్లు తిప్పడం అయ్యాక ఆయన తొట్టి ముందు పీట వేసుకుని కూర్చునేవారు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని. చేతులు బయట ఉంటే వాటంతట అవే వెళ్ళిపోతాయని భయం కాబోలు. ఒకసారి నేను, "తెలీక చేశారు కదా," అన్నాను.

"నాకు తెలీదని గుడ్డుకి తెలుస్తుందా?" అన్నారు.

కొట్టు నుంచి రాగానే చెప్పులు విప్పకుండా తొట్టి వైపు చూసేవారు. వానల సంగతి ఎవరు కనబడితే వాళ్ళని అడిగేవారు. రైతులు కూడా అన్నిసార్లు అడిగి ఉండరు.

జూన్ మొదట్లో, ఇంకా వాన పడకముందే, ఆయన కొట్లో చీకటి మూలలో గుడ్లు చూస్తూ కింద కూర్చున్నారు. లేవలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళేసరికే అయిపోయిందన్నారు. చేతిలో ఉన్న గుడ్లు రెండూ ముందే ట్రేలో వాటి గుంటల్లో పెట్టేశారట. కొట్టు యజమాని వచ్చి ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెప్పాడు. ఒక్కటీ పగల్లేదమ్మా, అని.

నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. నాలుగు నెలలు దాటేదాకా భార్య ఇల్లు కదలకూడదు, పరాయి మగవాళ్ళకి కనబడకూడదు. కూతుళ్ళు కొన్నాళ్ళు ఉండి వాళ్ళ ఇళ్ళకి వెళ్ళారు. ఆయన చెల్లెలు తస్లీమ్ నాకు తోడుగా ఏలూరు నుంచి వచ్చింది. పెట్టెలో ఉన్న కోడిగుడ్లు ఎవరివి వాళ్ళకి పంపించేశాం. తొట్టి మిగిలింది.

"వదినా, ఇది కూడా ఎవరికైనా ఇచ్చెయ్యకూడదా?" అంది తస్లీమ్. "తాబేలు గుడ్లు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నామని తెలిస్తే నవ్వుతారు."

"ఎవరికిచ్చినా కదపాలి. కదపకూడదు."

"బాగానే ఉంది. నువ్వూ కదలకూడదు, అదీ కదలకూడదు. మధ్యలో మార్కెట్టుకి తిరగడానికి నేనొకదాన్ని."

అలా అందే కానీ, నేను నిద్ర లేవడం ఆలస్యమైన రోజు తొట్టి మీద నీళ్ళు తనే చిలకరించేది. ఎక్కువ పోసేసిందని నేను అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

వానలు పడ్డాయి. వసారా చూరు నుంచి జల్లు తొట్టి అంచుదాకా వచ్చేది. ఏమీ జరగలేదు. ఉషశ్రీ గారు వచ్చి నా దగ్గర కూర్చున్నారు, గుడ్ల మాట ఎత్తలేదు. నేనే, "పగలగొట్టి చూస్తారా?" అని అడిగాను. "సాహెబ్ గారు వానలు పడనివ్వమన్నారు కదండీ. ఇంకా పడుతున్నాయి," అన్నారు.

మరి కొన్నాళ్ళకి, తస్లీమ్ వసారా ఊడుస్తూ చీపురు ఆపింది. "వదినా, నీ తొట్టిలో మట్టి కదుల్తోంది," అంది. గట్టిగా కూడా అనలేదు. వెళ్ళి చూస్తే మట్టి మధ్యలోంచి చిన్న ముక్కు ఒకటి, వేపపుల్ల కొన అంత, పైకి వచ్చి ఉంది. గాలి పీల్చుకుని లోపలికి పోయింది. మళ్ళీ వచ్చింది. మేమిద్దరం అక్కడే నేలమీద కూర్చున్నాం. సాయంత్రానికి మూడు బయటికొచ్చాయి. మర్నాడూ ఆ మర్నాడూ మిగతావి. ఒక్కటి తప్ప అన్నీ వచ్చాయి.

తస్లీమ్ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "అన్నయ్య ఉంటేనా..." అని ఆపేసి, అన్నం వార్చడానికి లోపలికి వెళ్ళిపోయింది.

ఉషశ్రీ గారు చూసి చెప్పారు. ఈ రకం తాబేలు గుడ్డులో పిల్ల మొదట నెలల తరబడి పెరక్కుండా ఆగి ఉంటుందట. ఆయన తిప్పిన రోజుల్లో ఇంకా పెంకుకి అంటుకుని ఉండకపోవచ్చట. "ఆయనకి ఆ రోజే ఈ మాట చెప్పి ఉండాల్సింది. నాకూ తట్టలేదు. తట్టినా నమ్మకంగా చెప్పగలిగేదాన్ని కాదు," అన్నారు. చెప్పినా ఆయన పీట మానేవారు కాదు.

పిల్లల్ని బుల్లిరాజు గారూ ఆవిడా కలిసి కొల్లేరులో వదిలారు. తిరిగి వచ్చి ఆయన పరదా అవతల వీధి గుమ్మంలో నిలబడి చెప్పాడు. "సాయిబుగారి పిల్లల్ని దింపేసి వచ్చానండి చెల్లెమ్మగారూ. ఒక్కటంటే ఒక్కటి వెనక్కి తిరిగి చూళ్ళేదండి. అంతా తల్లి పోలికే." 

పెంకు ముక్కలు ఏరడం నా పని అయింది. కొన్ని ఉషశ్రీ గారు అప్పుడే పట్టుకువెళ్ళారు. తర్వాత పక్కింటికి ఫోను చేస్తే తస్లీమ్ వెళ్ళి మాట్లాడి వచ్చింది. "రంగేమీ దొరకలేదట. ఒక్క చోట ఏదో నల్లగా కనబడిందట. సంబరపడి చూస్తే అన్నయ్య పెన్సిలట. నిన్ను మిగతా ముక్కలన్నీ మంచినీళ్ళలో కడిగి, పెన్సిలు మరక పోయేలా తుడిచి, నీడన ఆరబెట్టమంది. సబ్బు వాడొద్దంది," అని చెప్పింది.

అలాగే చేశాను. మెత్తటి గుడ్డతో ఒక్కో ముక్కా తుడిచాను. లోపలి పొర కొన్నిటికి విడిగా ఊడి వచ్చింది. దాన్ని కాయితం మీద వేరేగా ఆరబెట్టాను. పిల్ల వాడుకున్న పెంకు ఎంత పలచగా ఉంటుందో చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. గీతలు తేలిగ్గానే పోయాయి. సున్నాలు కొంచెం గట్టిగా రుద్దితే పోయాయి.

రాకుండా మిగిలిన గుడ్డు గురించి కూడా ఆవిడ అప్పుడే చెప్పారు. నెలాఖరు దాకా చూడండి, రాకపోతే పైనుంచి జాగ్రత్తగా తెరవండి, లోపల పిల్ల మొదలయి ఆగిందో అసలు మొదలే కాలేదో చూడండి, పెంకు కడిగి తుడిచి మిగతావాటితో పెట్టండి అని. తెరిస్తే తెలిసిపోతుంది. అసలు మొదలే కాకపోతే ఆయన తప్పు లేదు. మొదలయి ఆగి ఉంటే, తిప్పడం వల్ల ఆగిందో వేరే దేనివల్ల ఆగిందో ఉషశ్రీ గారు కూడా చెప్పలేరు.

నెలాఖరు వెళ్ళిపోయింది. తస్లీమ్ రెండుసార్లు గుర్తు చేసింది. "కడుగుతాలే," అన్నాను. ఆదివారం ఆవిడ వస్తున్నారు. కడిగిన పెంకులన్నీ పొట్లాలు కట్టి బల్ల మీద పెట్టాను. ఆవిడకి ఆ గుడ్డు కావాలంటే తొట్టి వసారాలోనే ఉంది, పట్టుకువెళ్ళవచ్చు, అడ్డు చెప్పను. ఈ పొద్దున టీ అయ్యాక పీట వేసుకుని దాని మీది మట్టి వేలితో పక్కకి జరిపి చూశాను. గీత పైకే ఉంది. మళ్ళీ మట్టి కప్పి లేచాను. గిన్నెలో నీళ్ళూ, తుడిచే గుడ్డా పక్కనే పెట్టుకున్నాను కానీ, దాన్ని తెరవలేదు, కడగలేదు.